నీళ్ళలో మిగిలిన వల

అన్యాయం జరిగింది ఎవరికి? మా అమ్మకు. ఏ విధంగా? ఆమె వలలో పడిన చేపలను ఆమె కళ్ళ ఎదుటే నీళ్ళలో కుళ్ళనిచ్చారు. చేయించినవాడు ఒకడు. చూస్తూ ఊరుకున్నది ఊరంతా. ఈ రెండింటిలో ఏది పెద్ద నేరమని నన్ను అడిగితే, ఇన్నేళ్ళ తరువాత కూడా నా జవాబు మారలేదు. రెండవదే.

చిన్నతనంలో నన్ను పడవ ఎక్కించి తీసుకుపోయి కాన్వెంటులో పెట్టారు. అక్కడి సిస్టర్లు వాక్యాన్ని నిటారుగా నిలబెట్టడం నేర్పారు. దానితోపాటే మా భాషను నా నోటినుండి ఊడబెరకాలని కూడా చూశారు. మొదటిదానికి వారికి కృతజ్ఞురాలిని. రెండవదానికి వారిని క్షమించలేదు. నేర్చుకున్న ఆ పద్ధతిలోనే, జరిగింది జరిగిన వరుసలో చెబుతాను.

మాది కెనడా ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డు. తెల్లవాళ్ళు తమ పటాలలో ఆ సరస్సుకు రాసుకున్న పేరులో బానిస అన్న మాట ఉంది. ఆ పేరు నేను రాయను. మా డెనే ప్రజలు దానిని పెద్దనీరు అంటారు. ఈ సంగతి జరిగేనాటికి నేను కాన్వెంటునుండి తిరిగివచ్చి కొద్దికాలమే అయింది. ఆ ఏడు వసంతంలో, సరస్సుమీద మంచు విరుగుతున్న వారంలో, మా నాన్న ఒనోరే బోర్లించిన పడవకు తారు పూస్తూ పూస్తూ పక్కకు ఒరిగి మళ్ళీ లేవలేదు. ఇంట్లో మిగిలింది అమ్మ దొమితీల్, నేను, బండి లాగే కుక్కలు.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాది తిరిగేవరకు వలమీద చెయ్యి వెయ్యరు. దుఃఖం చేతులకు అంటుకుని ఉంటుందనీ, ఆ చేతులు తగిలిన వలకు చేప రాదనీ పెద్దల మాట. అంతమాత్రాన ఆ ఇల్లు పస్తుండదు. ఇరుగుపొరుగువారే ఆ ఇంటి వల వేసి, తీసి, చేపలను ఆ ఇంటివాళ్ళు చేపలు ఎండబెట్టే కర్రల మంచెమీద వేలాడదీస్తారు. అందుకు వారికి దక్కేది ఒక్కటే, వలలో పడిన లోష్ చేపల కాలేయాలు. లోష్ అంటే గడ్డం కింద ఒకే మీసంతో, జిగురొంటితో, చూడడానికి అందం లేని చేప. దాని మాంసం కుక్కలకు వేస్తారు గాని కాలేయం మాత్రం వెన్నలా కరుగుతుంది. వల తీసినవాడు ఆ కాలేయాలు పట్టుకుపోతే లెక్క సరిపోయినట్లే. ముట్టకుండా ఇంటివాళ్ళ గుమ్మంలోనే పెట్టిపోతే, చేసిన మేలు మేలుగానే మిగిలి, పొందినవాడి నెత్తిమీద బాకీగా కూర్చుంటుంది.

ఇసిదోర్ మా నాన్నకు వరసకు తమ్ముడు. నేను పాలు తాగే వయసులో ఒక శరదృతువున అతడి చేతిలో గొడ్డలి జారి పాదం చీలింది. ఆ కాలమంతా మా నాన్నే అతడి వల తీశాడు. ఒక్క కాలేయం కూడా ముట్టలేదు. ఇసిదోర్ భార్య సెరఫీన్ పిన్ని అప్పుడు బాలింత. ఆమె తినాలని అన్నీ వాళ్ళ గుమ్మంలోనే పెట్టివచ్చాడు. ఆ తరువాత ఇసిదోర్ ఇంట్లో అలాంటి కష్టం రాలేదు, మా ఇంట్లోనూ రాలేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయి, ఇద్దరి మధ్యా ఒక పాత హాస్యంగా మారింది.

మాకు శరదృతువే పంట. ఆకులు పసుపుబారింది మొదలు సరస్సు గడ్డకట్టేవరకు తెల్లచేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు రాళ్ళమీదికి వస్తాయి. వాటి వెనకే ట్రౌట్లు, జాక్‌ఫిష్‌లు. సరస్సులో కలిసే ఏటిలోకి ఎదురెక్కే కోనీ చేపలు మనిషి చెయ్యంత పొడుగుంటాయి. అప్పుడు తోకలకు పుల్లలు గుచ్చి మంచెమీద వేలాడదీసిన చేపే చలికాలమంతా మనుషులకూ, కుక్కలకూ తిండి. కుక్కలు లేకపోతే అడవినుండి కట్టెలు రావు. కట్టెలు లేని ఇంట్లో ఆ చలికాలం ఎవరూ బతకరు. కాబట్టి వల అంటే మాకు ఒక పనిముట్టు మాత్రమే కాదు.

ఆకులు పసుపుబారిన వారంలో ఇసిదోర్ మా గుమ్మంలోకి వచ్చాడు. ఒంటిమీద లాడ్జివాళ్ళు ఇచ్చిన ఆకుపచ్చ కోటు. ఏటి మూతికి అవతలి ఒడ్డున ప్రూయిట్ అనే దొరకు లాడ్జి ఉండేది. దక్షిణాదినుండి డబ్బున్నవాళ్ళు విమానంలో వచ్చి, గేలం వేసి, పెద్ద చేప పట్టి, ఫొటో తీయించుకుపోయేవారు. వాళ్ళను పడవలలో తిప్పే మా ఊరివాళ్ళకు ఇసిదోర్ పెద్ద.

"వదినా, వల ఎక్కడ వెయ్యమంటావ్? ఆకాశంలో తప్ప ఎక్కడన్నా వేస్తా" అన్నాడు.

"మీ అన్న ఎక్కడ వేసేవాడో అక్కడే. ఏటి మూతిలో, ఎర్రబండ పక్కన."

"అన్న నన్ను బాకీలో ముంచి పోయాడు వదినా. బతికున్నన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా ముసిముసి నవ్వులే. ఈ ఏడు తీర్చేస్తా. మంచు కట్టేదాకా నీ వల నాది. ఒక్క కాలేయం ముట్టను."

"నువ్వా? చిన్నప్పుడు కాలేయం ముక్క కోసం పిల్లితో పోట్లాడావంట గదా."

"అబద్ధం. పిల్లే నాతో పోట్లాడింది."

నాన్న పోయాక అమ్మ మొదటిసారి నవ్వింది ఆనాడే. నవ్వి, "మంచు కట్టాక మాట్లాడుకుందాంలే" అంది. మాట ఇచ్చినవాడిని పని పూర్తికాకముందు పొగడడం ఆమెకు అలవాటు లేదు.

ఇసిదోర్ వల వేశాడు. రెండవనాడు తీశాడు. తెల్లచేపలు పడవ అడుగున మెరుస్తూ, వాటి నడుమ రెండు కోనీలు, పళ్ళు బయటపెట్టిన ఒక జాక్‌ఫిష్, నాలుగైదు లోష్‌లు. చేపలన్నీ మా మంచెమీద వేలాడాయి. కాలేయాలు ఒక రేకు గిన్నెలో మా గుమ్మంమీద కూర్చున్నాయి. మరో రెండు రోజులకు మళ్ళీ తీశాడు, మళ్ళీ గిన్నె వచ్చింది. ఆ తరువాత అతడు రాలేదు.

*

మొదటి రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం. రెండవ రోజు గాలి ఎక్కువగా ఉందనుకున్నాం. మూడవ రోజు గాలి లేదు, ఎండ కాస్తోంది. ఇసిదోర్ ఇద్దరు దొరలను పడవలో కూర్చోబెట్టుకుని ఎర్రబండ ముందునుండే వెళ్ళాడు. నీళ్ళమీద తేలే మా వల బెండ్లను తప్పించి పక్కనుండి వెళ్ళాడు. ఒడ్డున నిలబడి ఉన్న అమ్మవైపు తల తిప్పలేదు.

ఆ సాయంకాలం సెరఫీన్ పిన్ని వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. అందులో రొట్టె, వాళ్ళ సొంత వలలో పడ్డ రెండు తెల్లచేపలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, ఏం చెప్పమంటావ్! మొన్న ఎవడో దొరకి పెద్ద ట్రౌటు తగిలిందంట. అది పోయి మీ వలలో చుట్టుకుందంట. దారం తెగింది, చేప పోయింది. ఆ దొర గంతులేశాడంట. అప్పుడు ప్రూయిట్ మగాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పాడు, ఏటి మూతిలో వల ముట్టినోడికి వచ్చే ఎండాకాలం పని లేదు, తన కొట్లో పెట్రోలు లేదు అని."

"వల తీసేసి ఇంకోచోట వెయ్యచ్చుగా?" అన్నాను.

"తియ్యాలన్నా ముట్టుకోవాలి గదే! చూసేవాడు ఊరుకుంటాడా?"

"కాబట్టి నీళ్ళలో వదిలేశారు."

పిన్ని నావైపు చూడలేదు. "పిల్లలున్నారు అక్కా" అంది అమ్మతో.

అమ్మ పళ్ళెంమీది గుడ్డ ఎత్తి చేపలను చూసింది. మళ్ళీ కప్పింది. "మంచి చేపలు. పట్టుకుపో సెరఫీన్. నా చేపలు నీళ్ళలో ఉన్నాయి."

"అట్లా అనకక్కా."

"ఉన్నమాటే అన్నాను. వలలో చేప ఉండగా ఇంకో ఇంటి చేప తింటే, నా చేపను నేను కూడా వద్దన్నట్టవుతుంది."

వలలో చచ్చిన చేపను తీయకుండా వదిలేయడం మాకు ఎంత పాపమో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. చేప తనంత తాను వచ్చి ఇస్తుంది. ఇచ్చినదానిని పారేసినవాడి చోటికి అది మళ్ళీ రాదు. సిస్టర్లు దీనిని మూఢనమ్మకం అన్నారు. అదే సిస్టర్లు మా పళ్ళెంలో మెతుకు మిగిలితే చేతులమీద బెత్తంతో కొట్టారు. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటో నాకు ఏనాడూ బోధపడలేదు.

*

నేను ప్రూయిట్ దగ్గరకు వెళ్ళాను. జుట్టు ముడివేసుకుని, కాన్వెంటు బూట్లు తొడుక్కుని, పొరుగువాళ్ళ చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళాను. లాడ్జి రేవు చెక్కలమీద ఒక మేకుకు పెద్ద ట్రౌటు వేలాడుతోంది. దాని పక్కన ఒక లావుపాటి మనిషి నవ్వుతూ నిలబడితే ఇంకొకడు ఫొటో తీశాడు. ఫొటో అయ్యాక ఆ చేపను మేకునుండి దించి, కాలితో నీళ్ళలోకి నెట్టారు. అది పొట్ట పైకి తేలింది.

ప్రూయిట్ మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు. నేను కూర్చోలేదు.

"మీ నాన్నగారి గురించి విన్నాను. చాలా విచారం" అన్నాడు.

"మా అమ్మ వల తీయనివ్వండి."

"నేను ఆపానా? చూడు అమ్మాయ్, నేను ఎవర్నీ ఆపలేదు. మీ అమ్మ వచ్చి తీసుకోవచ్చు. నా దగ్గర ఎవరికి పని ఇవ్వాలో అది మాత్రం నా ఇష్టం."

"ఆమె తీయకూడదని మీకు తెలుసు. ఇసిదోర్ చెప్పే ఉంటాడు."

"చెప్పాడు. మీ ఆచారం మీది, నేను గౌరవిస్తాను." నిజంగానే గౌరవిస్తున్న ముఖం పెట్టాడు. "ఇంత పెద్ద సరస్సు ఉందిగా. ఆ ఒక్క చోటే ఎందుకు? నాకు కోనీలు వచ్చేది అక్కడే. ఈ ఏడు మంచు పడేదాకా గిరాకీ ఉంది."

"కోనీలు మీకు వచ్చేది కాదు. ఏటికి వచ్చేది."

అతడు నవ్వాడు. "భలే ఇంగ్లీషు మాట్లాడతావ్. వచ్చే ఏడు భోజనాల గదిలో పనికి రా. మంచి జీతమే ఇస్తా."

నేను నీళ్ళలో తేలుతున్న ట్రౌటును చూపించాను. "దాన్ని ఎవరు తింటారు?"

"గంగచిల్లు పక్షులు తింటాయి. ఏదీ వృథా పోదు" అన్నాడు.

కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించాలని సిస్టర్లు చెప్పేవారు. తగ్గించాను. "మీ దగ్గర పనిచేసేకన్నా ఆ గంగచిల్లుల పక్కన కూర్చుని తింటాను" అన్నాను. తిరుగుదారిలో తెడ్డు రెండుసార్లు నీళ్ళలో జారవిడుచుకున్నాను.

*

వాసన మొదలైంది. గాలి సరస్సువైపునుండి వీచినప్పుడు ఊళ్ళో తలుపులు మూసుకునేవారు. బెండ్లు ఒక్కొక్కటే బరువుకు మునిగిపోయాయి. మునగని వాటిమీద కాకులు వాలేవి. వలనుండి ఊడిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. కళ్ళు లేని తెల్లచేపలు, పొట్ట పగిలిన కోనీలు. అమ్మ ప్రతి ఉదయం వెళ్ళి ఒడ్డున నిలబడేది. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు. తిరిగివచ్చి కుక్కల దగ్గర ఆగి, ఒక్కొక్కదాని వీపు తడుముతూ పక్కటెముకలు చూసేది. ఏ కుక్కను ముందుగా వదులుకోవాలో ఆలోచిస్తోందని నాకు తెలుసు. మంచెమీద ఉన్న చేప మొదటి మంచు పడే వారానికే చాలదు.

ఒకనాడు నాకు ఓపిక చచ్చిపోయింది. నాన్న రబ్బరు బూట్లు తొడుక్కుని బయలుదేరాను. పడవ నీళ్ళలోకి సగం తోశాక అమ్మ వచ్చి పడవ అంచు పట్టుకుంది.

"దిగు."

"నేను నమ్మను అమ్మా ఆ కట్టుబాటు. ఏ దుఃఖమూ చేతులకి అంటుకోదు. నేను తీస్తాను."

"నమ్మమని నిన్ను అడిగానా? దిగు."

"కుక్కలు చస్తాయి. తరవాత మనం చస్తాం. ఎవరికోసం ఈ పంతం?"

అమ్మ పడవను ఒడ్డుకు లాగింది. ఆమె చేతులలో ఎంత బలం ఉండేదో నేను మరిచిపోయాను.

"నువ్వు తీస్తే వాసన పోతుంది యూలలీ. వాసన పోతే వాళ్ళంతా హాయిగా అన్నం తింటారు. చావు ఇంటివాళ్ళ చేత వల తీయించామని వాళ్ళకి గుర్తు కూడా ఉండదు. నేను వాళ్ళ పని వాళ్ళకే వదిలేశాను."

"వాళ్ళు చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే ఈ ఊరు ఇక ఊరు కాదని నాకు తెలుస్తుంది. తెలిస్తే మంచిదే."

నేను బూట్లు విప్పాను. ఆ కోపంలో ఇంటింటికీ వెళ్ళాను. ఒకడు నడుం నొప్పి అన్నాడు. ఇంకొకడు తన మోటారు పాడైందన్నాడు. మూడో ఇంట్లో ముసలాయన నిద్ర నటించాడు. గురక కూడా పెట్టాడు. ఇసిదోర్ ఇంటికి మాత్రం వెళ్ళలేదు. అతడే రావాలి.

*

సరస్సు గడ్డకట్టే ముందు ఒక సాయంకాలం, వెలుగు ఉండగానే, ఊరంతా చేరి నిప్పుకు తిండి పెడతాం. పోయినవాళ్ళు ఆకలితో ఉండకూడదని. ప్రతి ఇంటివాళ్ళూ ఆ ఏడు తమ వలలో పడ్డ మంచి చేపను పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, నిప్పులో వేసి, తమవాళ్ళ పేరు చెబుతారు. ఆ ఏడు చావు జరిగిన ఇల్లు ముందు నడుస్తుంది. అంటే మేమే.

అమ్మ నల్ల శాలువా కప్పుకుని, నాన్న తినే తెల్లని పింగాణీ పళ్ళెం పట్టుకుని బయలుదేరింది. పళ్ళెంలో ఏమీ లేదు.

ముసలి జెర్మాన్ డప్పు కొడుతున్నాడు. మా వెనుక ఊరంతా నిండు పళ్ళాలతో వరుసలో నిలబడింది. మాకు మూడు ఇళ్ళ వెనుక ఇసిదోర్, ఆకుపచ్చ కోటుతో. అమ్మ నిప్పు ముందుకు వెళ్ళి పళ్ళెం చాచింది. దాన్ని నెమ్మదిగా తలకిందులు చేసింది. పళ్ళెంనుండి ఏమీ రాలలేదు.

"ఒనోరే" అంది మామూలు గొంతుతో, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. "ఈ ఏడు నీకు పెట్టడానికి ఏమీ లేదు. నీ చేపలు నీళ్ళలో ఉన్నాయి. వాసన నీకూ వస్తూనే ఉంటుంది."

పళ్ళెం శాలువా కింద పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

డప్పు ఆగలేదు. ఆపకూడదు. వరుస కదిలింది. ఒకరి తరువాత ఒకరు చేపలు వేశారు, పేర్లు చెప్పారు. చెప్పిన పేర్లు పక్కవాళ్ళకు కూడా వినిపించలేదు. ఇసిదోర్ వంతు వచ్చింది. అతడు నిప్పు ముందు నిలబడ్డాడు. వెనుకవాళ్ళు ఎదురుచూస్తున్నారు. చేపతో సహా పళ్ళాన్ని సెరఫీన్ పిన్ని చేతిలో పెట్టి, వరుసలోనుండి బయటకు నడిచి వెళ్ళిపోయాడు. అంతకన్నా ఏమీ జరగలేదు.

*

తెల్లవారి ఒడ్డుకు వెళ్ళేసరికి నీటి అంచున పలచని మంచు పొర కట్టింది. ఎర్రబండ పక్కన ఒక పడవ ఉంది. దానికి మోటారు లేదు. అతడు వాడే మోటారు లాడ్జిది. ఇసిదోర్ తెడ్లు వేసుకుంటూ వెళ్ళాడు. ఆకుపచ్చ కోటు లేదు. పాత ఉన్ని చొక్కా మోచేతులదాకా మడిచి వల తీస్తున్నాడు. చేప అన్నది చేపగా రావడం లేదు, ముద్దలు ముద్దలుగా వస్తోంది. అతడు వల ఒక్కొక్క కన్నులోనుండి వేళ్ళతో తీసి, దేనినీ నీళ్ళలో పారవేయకుండా తొట్టెలలో వేస్తున్నాడు. నడుమనడుమ పడవ అంచుమీదికి వంగి వాంతి చేసుకుంటున్నాడు. మళ్ళీ తీస్తున్నాడు.

లాడ్జి పడవ మోటారు మోగుతూ వచ్చింది. ప్రూయిట్, అతడితో ఇద్దరు దొరలు.

"ఇసిదోర్! ఏం చేస్తున్నావ్?" ఆ అరుపు ఒడ్డుకు స్పష్టంగా వినిపించింది.

"వల తీస్తున్నా."

"నేను చెప్పింది గుర్తుందా?"

"గుర్తుంది. నువ్వు చెప్పింది ఎండాకాలం పని గురించి. ఇది చలికాలం తిండి."

"నీకు ఇక పని లేదు. పెట్రోలు లేదు. అర్థమైందా?"

"అర్థమైంది. పడవ కాస్త అవతలికి తియ్యి. వల నీ మోటారుకి చుట్టుకుంటే మళ్ళీ నన్నే అంటావ్."

దొరలలో ఒకడు ముక్కు మూసుకుని ఏదో గొణిగాడు. ఇసిదోర్ తొట్టెలోకి చెయ్యి పెట్టి, చెయ్యంత పొడుగున్న కోనీని తోక పట్టి పైకెత్తాడు. దాని పొట్ట జారి పడవలో పడింది.

"దీనికోసమే గదా అంత దూరంనుంచి వచ్చారు! ఇదుగో, పట్టుకోండి. ఫొటో తీయించుకోండి. నేను పక్కన నిలబడనా?"

లాడ్జి పడవ వెనుదిరిగింది.

అప్పటికి ఒడ్డున మగవాళ్ళు ఒక్కొక్కరే చేరారు, చేతిలో పారలతో. సెరఫీన్ పిన్ని అందరికన్నా ముందు గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ మీ ముక్కులు ఎక్కడ పెట్టుకున్నారు?" అన్నాను.

నడుం నొప్పి అన్నవాడు పార ఆపకుండా, "ముక్కులు ఇక్కడే ఉన్నాయమ్మా. నోళ్ళే లాడ్జిలో పెట్టొచ్చాం" అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. అమ్మ ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు. కుళ్ళిన చేపనంతా గోతిలో పెట్టి మట్టి కప్పేవరకు నిలబడి, ఇంటికి వచ్చి కుక్కలకు నీళ్ళు పోసింది.

ఆ వల ఇక పనికిరాదు. ఇసిదోర్ తన సొంత వల తెచ్చి ఎర్రబండ పక్కన వేశాడు. మొదటి వారం దాదాపు ఏమీ పడలేదు. చేపకు కోపం వచ్చిందని పెద్దలు అన్నారు. నాకూ కోపంగానే ఉంది కాబట్టి నేను చేపను తప్పుపట్టలేదు. తరువాత చివరి తెల్లచేపల గుంపు వచ్చింది. అతడు వెలుగు రాగానే వెళ్ళి, మంచు పొరను తెడ్డుతో పగలగొట్టుకుంటూ వల తీసేవాడు. వేళ్ళు చీలి నెత్తురు కారితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ వెళ్ళేవాడు. సొంత ఇంటికి చేప పట్టే పని ఆ ఏడు సెరఫీన్ పిన్ని చూసుకుంది. మా మంచె నిండింది. కుక్కలలో ఒక్కదానిని కూడా మేము వదులుకోలేదు. ప్రతిసారీ రేకు గిన్నె మా గుమ్మంమీదికి వచ్చేది. లోష్‌లు పడనినాడు ఖాళీ గిన్నెనే కడిగి పెట్టిపోయేవాడు. అమ్మ ఆ కాలేయాలను వండేది కాదు. ఉప్పు చల్లి, చలిలో గడ్డకట్టించి, ఒక మూకుడులో దాచింది. మంచు కట్టాక మాట్లాడుకుందామన్న మాట ఆమెకు గుర్తుంది.

ప్రూయిట్ అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇసిదోర్ మరి ఏ ఎండాకాలమూ లాడ్జిలో పనిచేయలేదు. అతడి పడవకు చాలా ఏళ్ళు మోటారు లేదు. లాడ్జి మాత్రం నడిచింది, ప్రూయిట్ ముసలివాడై మంచి ధరకు అమ్ముకుని దక్షిణానికి వెళ్ళి, అందరూ మెచ్చుకునే మనిషిగా పోయాడు. అతడిని ఎవరూ ఏమీ అడగలేదు. నేను అడుగుతూనే ఉన్నాను. ఈ కథ రాయడం కూడా అడగడమే.

సరస్సు ఒడ్డునుండి ఒడ్డుకు గడ్డకట్టిన రోజున ఇసిదోర్ వలను చివరిసారి తీసి, మడిచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో రేకు గిన్నె. గుమ్మంమీద పెట్టి వెళ్ళబోయాడు.

"లోపలికి రా" అంది అమ్మ.

అతడు టోపీ తీసి తలుపు పక్కన నిలబడ్డాడు. అమ్మ మూకుడు దించి, దాచినవీ, ఆనాడు వచ్చినవీ కలిపి పెనంమీద వేసింది. ఇల్లంతా ఆ కమ్మని వాసన నిండింది. నాన్న పింగాణీ పళ్ళెంలోకి తీసి, అన్నింటికన్నా పెద్ద ముక్కను ఏరి, పొయ్యి తలుపు తెరిచి నిప్పులో వేసింది.

"ఒనోరే, తిను. నీ తమ్ముడు తెచ్చాడు. ఒక్కటి కూడా ముట్టలేదు."

తరువాత బల్ల దగ్గర కూర్చుని మిగిలినవన్నీ తానే తినసాగింది. నాకు ఒక్క ముక్క పెట్టలేదు, ఇసిదోర్‌కూ పెట్టలేదు. అతడు కదలకుండా చూస్తున్నాడు. పొయ్యిలో కాలేయం కొవ్వు చిటపటలాడుతోంది. చివరి ముక్క తిని, పళ్ళాన్ని రొట్టెతో తుడిచి, ఆ రొట్టె కూడా తిని, అమ్మ తలెత్తింది.

"ఇక ఏమీ లేదు ఇసిదోర్, బాకీ కూడా" అంది. "ఇంటికి పోయి చేతులకి కొవ్వు రాసుకో."